ముందుచూపు

కోఠీలో మా కళ్లద్దాల దుకాణం.
పొద్దున్నుంచి రాత్రిదాకా
పరుల మసకను తుడవడం నా పని.
"ఇది బాగుందా? ఇదా?"
అద్దం తీసి అద్దం వేసి
గోడ మీది చివరి వరుస చదివించి గానీ వదలను.

ఆదివారాలు మాత్రం గచ్చిబౌలి.
అక్కడ ఇస్తారి సార్ చెప్పిన మొదటి మాట:
"టార్గెట్ మసకగనే ఉండాలమ్మా.
సాఫ్‌గ కనబడాల్సింది పిస్తోలు ముక్కు మీది
గా చిన్న పలక. గంతే."
ఇరవై ఏళ్ల నా వృత్తి
పక్కకు తిరిగి నవ్వుకుంది.

ఏడాదిన్నర, గాలి పిస్తోలుతో.
ఎవరో కాలేజీ పిల్లాడు విసుగుపుట్టి అమ్ముకున్నది, సగం ధరకి.
పిడి నా చేతికి పెద్దది.
చెక్క లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది
బొటనవేలికో గూడు కట్టుకున్నాను.
దానికి నిప్పు లేదు, పొగ లేదు.
పేలితే టిఫిన్ డబ్బా మూత ఊడినంత చప్పుడు.
తప్పు చేస్తే తిట్టదు,
ఏడుకీ ఎనిమిదికీ నడుమ
ఓ చిల్లు పెట్టి ఊరుకుంటుంది.

రెండోది కావాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టిందో.
పక్క గదిలో ఎవరో పాయింట్ టూటూ పేలిస్తే
చెవులు మూసుకున్నా పక్కటెముకల్లోకి దిగింది,
అప్పుడేనేమో.

ఫారాలు, ఫోటోలు, క్లబ్బు ఉత్తరం.
ఎంక్వైరీకొచ్చిన కానిస్టేబుల్
చాయ్ సాసర్లో పోసుకుంటూ అడిగాడు:
"ఎవరితోనన్న దుష్మనీ ఉందా మేడం?"
లేదన్నాను.
"మరెందుకు?"
వంటింట్లో మా ఆయన కుక్కర్ కట్టేసి మరీ
నా జవాబు కోసం చెవి పెట్టాడు.
"పది కోసం" అన్నాను.
పదంటే ఏంటో చెప్పేసరికి
సాసర్లో చాయ్ మీద మీగడ కట్టింది.

ఆబిడ్స్ వెనక సందులో బాకర్ అలీ గారి దుకాణం.
గాజుబల్ల మీద ఆకుపచ్చ మఖ్మల్ పరిచి
ఒక్కొక్కటీ తెరిచి, లోపల ఖాళీ అని తను చూసి,
నాకు చూపించి,
మూడు పెట్టారు.

ఒకటి కొత్తది. ధర విన్నాక పట్టుకుంటే
అరచేతిలో చెమట.
ఇంకోటి మెరుపు, బరువంతా మూతిలోనే.
"ఇది ఫోటోల్లో బాగొస్తుంది" అన్నాడు మా ఆయన.
మూడోది పాతది,
నలుపు అరిగి అంచుల్లో ఉక్కు బయటపడింది,
పిడి మీద ఎవరిదో చేతి మరక.
ట్రిగ్గర్ నొక్కితే
లేత చిక్కుడుకాయ విరిచినట్టు, అంతే.

"చేతికి నచ్చితే చాలదు బేటీ.
కళ్లు మూసుకో. గోడ గడియారం వైపు ఎత్తు.
ఊపిరి వదులు. ఇప్పుడు తెరువు."

మొదటిది ఎడమకి తిరిగి ఉంది, అలిగిన పెళ్ళికొడుకులా.
మెరుపుది నేల చూస్తోంది.
పాతది,
వెనక గాడి నడుమ ముందు పలక,
అటూ ఇటూ చెరో నూలుపోగంత వెలుతురు,
గడియారం ఎక్కడో వెనక తెల్లటి ముద్ద.

కానీ ఆ పలక అంచు?
రెప్ప కొట్టాను. మళ్లీ కొట్టాను.
అంచు అంచులా లేదు.
తడి బట్ట మీది సిరాలా కొంచెం ఒలికింది.
నలభై నాలుగు నాకు.
"ఈ వయసుకి మామూలేనండీ, భయపడకండి"
అని రోజుకి పదిమందికి చెబుతాను.

బయానా ఇచ్చాను.
రంజాన్ దాకా ఆపుతానన్నారాయన, ఆ తర్వాత మాటివ్వలేనన్నారు.
లైసెన్సు సంగతి ఇంకా ఎవరి బల్ల మీదుందో.

సోమవారం, గిరాకీ లేని మధ్యాహ్నం,
నా కుర్చీలో నేనే కూర్చున్నాను.
పని నేర్చుకుంటున్న శ్రావణ్
గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు:
"ఇది బాగుందా మేడం? ఇదా?
అక్షరాలు చదవండి."

అక్షరాలు వద్దన్నాను.
చేయి బారుగా చాచి, బొటనవేలు నిలబెట్టి,
ఈ గోరు అంచు చూపించరా నాకు,
గోడ ఏమైపోయినా సరే.